రేంజర్స్ గెలిచిన ఏడు: డాలస్ ఉద్యోగుల కళ్ళతో 2023

రాత్రి హైదరాబాద్ టీమ్‌తో కాల్ నడుస్తుంటే పక్కన ఫోన్‌లో స్కోరు చూసుకోవడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. కాకపోతే అది క్రికెట్ స్కోరై ఉంటుంది. 2023 అక్టోబరులో ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు ఆ స్కోరు టెక్సస్ రేంజర్స్ అనే బేస్‌బాల్ జట్టుది. 1972లో వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కు వచ్చిన జట్టు ఇది. 2021లో 102 ఆటలు, 2022లో 94 ఆటలు ఓడిపోయింది. ఆ మరుసటి ఏడే వరల్డ్ సిరీస్ (అమెరికన్ బేస్‌బాల్ ఫైనల్) గెలిచింది, అదీ మొట్టమొదటిసారి.

ఆ సీజన్ అనగానే అందరూ కోరీ సీగర్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) గురించే చెబుతారు. చెప్పాల్సిందే. కానీ ఆ ఏడు రేంజర్స్‌ను ముంచబోయింది, చివరికి గట్టెక్కించింది బుల్‌పెన్, అంటే ఆట మధ్యలో వచ్చి బంతి వేసే రిలీవర్ల బృందం. అది పట్టుబడితేనే ఈ ఆట మనకు పట్టుబడుతుంది.

క్రికెట్‌లో బౌలర్‌ను తప్పించి, పది ఓవర్ల తర్వాత మళ్ళీ బంతి ఇవ్వొచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి ఆటలోంచి తీసేసిన పిచర్ (బంతి వేసేవాడు) ఆ రోజుకు మళ్ళీ రాడు. ఆట మొదలుపెట్టే స్టార్టర్ ఐదు రోజులకోసారి వచ్చి తొంభై, వంద బంతులు వేస్తాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటను అతను ఆరో ఇన్నింగ్స్ దాకా లాగితే మిగతా మూడూ రిలీవర్లు పంచుకుంటారు. నాలుగో ఇన్నింగ్స్‌లోనే దిగిపోతే ఐదు ఇన్నింగ్స్‌ల బరువు వాళ్ళ మీదే. రిలీవర్ ఒక రాత్రికి పదిహేను, ఇరవై బంతులు వేస్తాడు. వరసగా రెండు రోజులు వేస్తే మూడో రోజు మామూలుగా కూర్చోబెడతారు. ఆటలోకి రాకపోయినా, రావాల్సి వస్తుందేమోనని పక్కన వేసిన బంతులు కూడా చేతిని అలసటకు గురిచేస్తాయి. అవి ఏ లెక్కలోనూ కనిపించవు. మార్చి 30 నుంచి అక్టోబరు 1 దాకా 162 ఆటలు. జట్టులో పిచర్లు పదముగ్గురికి మించకూడదు, సెప్టెంబరులో పధ్నాలుగు. కాబట్టి సాయంత్రం ఆట మొదలయ్యేముందు చూసుకోవాల్సింది, ఈ రాత్రి వేయగలిగిన చేతులు ఎన్ని మిగిలాయన్నది.

రేంజర్స్ బుల్‌పెన్ ఆ ఏడు 30 సేవ్‌లు చేసి, 33 సేవ్‌లు చెడగొట్టుకుంది. రెండో సంఖ్య పెద్దదిగా ఉన్న జట్టు ఛాంపియన్ అవడం నమ్మశక్యంగా ఉండదు. ఇక్కడ లెక్క తెలుసుకోవాలి. మూడు పరుగులు, అంతకంటే తక్కువ ఆధిక్యంతో వచ్చి, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి, ఆట ముగిసేదాకా నిలబెడితే సేవ్. ఇంకో దారి: ఎంత చిన్న పని చేసినా సరే, స్కోరు సమం చేయగల ప్రత్యర్థి ఆటగాడు బేస్ మీదో, బ్యాట్ పట్టుకునో, తర్వాతి వంతులోనో ఉన్నప్పుడు వచ్చి ఆట ముగిస్తే అదీ సేవే. చెడగొట్టడానికి మాత్రం తొమ్మిదో ఇన్నింగ్సే అక్కర్లేదు, ఏడో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం పోగొట్టినా లెక్కే. ఒకే ఆటలో ఇద్దరు చెడగొట్టవచ్చు. అలా చెడిన ఆటలు జట్టు మళ్ళీ గెలవనూ వచ్చు. అందుకని 33ను 33 ఓటములుగా చూడకూడదు. అయినా అది మంచి సంఖ్య కాదు.

అంత అలసట ఎందుకొచ్చింది? స్టార్టర్లు ఒక్కొక్కరే పడిపోయారు. ఐదేళ్ళకు 18.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చిన జేకబ్ డీగ్రామ్ ఆరు ఆటలు మొదలుపెట్టి (ఆ ఆరూ జట్టు గెలిచింది) జూన్‌లో మోచేతి ఆపరేషన్‌కు వెళ్ళాడు. నేథన్ యొవాల్డీ ముంజేతి నొప్పితో నడివేసవిలో కూర్చున్నాడు. జూలై చివర మాక్స్ షెర్జర్‌ను న్యూయార్క్ మెట్స్ నుంచి, జోర్డన్ మాంట్‌గమరీని సెయింట్ లూయిస్ నుంచి తెచ్చారు. సెప్టెంబరులో షెర్జర్‌కూ భుజం పట్టేసింది. ఆగస్టులో వరసగా ఎనిమిది ఓటములు. సెప్టెంబరు మొదటివారం హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆర్లింగ్టన్‌కే వచ్చి మూడు ఆటలూ గెలిచి వెళ్ళింది: 13-6, 14-1, 12-3. అప్పుడు ఆఫీసులో హ్యూస్టన్‌వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ ముందు నోరెత్తే పరిస్థితి లేదు.

ఆ మూడు ఆటల ధర సీజన్ చివరి రోజున తెలిసింది. కాఫీ దగ్గర అమెరికన్ సహోద్యోగులు "మ్యాజిక్ నంబర్" అంటుంటారు, అంటే డివిజన్‌లో (జట్ల గుంపులో) మొదటి స్థానం ఖాయం కావడానికి ఇంకెన్ని ఫలితాలు కావాలన్నది. లెక్క తేలికే. 163లోంచి మన జట్టు గెలుపులు తీసేయాలి, రెండో స్థానంలో ఉన్న జట్టు ఓటములు తీసేయాలి. మిగిలినన్ని మన గెలుపులు గానీ, వాళ్ళ ఓటములు గానీ, రెండూ కలిపిగానీ రావాలి. సెప్టెంబరు 30 రాత్రికి రేంజర్స్ గెలుపులు 90, ఆస్ట్రోస్ ఓటములు 72. 163 - 90 - 72 = 1. ఒకప్పుడు సమానమైతే ఇంకో ఆట పెట్టేవారు. 2022 నుంచి అది ఎత్తేసి, ముఖాముఖిలో ఎవరు ఎక్కువ గెలిస్తే వాళ్ళకే ఇస్తున్నారు. ఆ ఏడు ముఖాముఖి ఆస్ట్రోస్‌వి 9, రేంజర్స్‌వి 4. ముఖాముఖి రేంజర్స్‌ది అయివుంటే 163కు బదులు 162తో లెక్కేయాలి, జవాబు సున్నా, అంటే శనివారమే డివిజన్ చేతికొచ్చేది. ఆదివారం రేంజర్స్ సియాటిల్‌లో 1-0తో ఓడింది, ఆస్ట్రోస్ గెలిచింది. ఇద్దరూ 90-72. డివిజన్ హ్యూస్టన్‌కు, పోస్ట్‌సీజన్ (అక్టోబరు నాకౌట్ పోటీలు) మొదటి రౌండ్ విశ్రాంతి కూడా వాళ్ళకే. రేంజర్స్ దేశం ఆ మూల నుంచి ఈ మూలకు, టాంపా వైపు విమానమెక్కింది.

అదే ఏడు పిచ్ క్లాక్ వచ్చింది. ఉద్యోగస్తులకు ఇది పెద్ద మేలు. బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, ఎవరైనా ఉంటే 20 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి (తర్వాతి ఏడు 20ని 18 చేశారు). ఆలస్యమైతే బ్యాటర్‌కు ఒక బాల్ (నాలుగైతే ఉచితంగా మొదటి బేస్) కలుపుతారు. గడియారం 8కి వచ్చేసరికి బ్యాటర్ సిద్ధంగా లేకపోతే అతనికి ఒక స్ట్రైక్ (మూడైతే ఔట్). తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట సగటున మూడు గంటల పైచిలుకు నుంచి సుమారు రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. ఏడింటికి మొదలైతే పదిలోపే తేలిపోతుంది, అంటే హైదరాబాద్‌లో ఎనిమిదిన్నర కాల్‌కు ముందే. పిల్లలతో స్టేడియానికి వెళ్ళేవాళ్ళకూ అంతే, మర్నాడు బడి ఉన్నా ఇల్లు చేరొచ్చు. రేంజర్స్ స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు పైకప్పు మూసే వీలుంది, టెక్సస్ ఎండకు అది లేకపోతే జూలైలో కూర్చోలేం. ఆర్లింగ్టన్‌లో స్టేడియం గుమ్మం దాకా రైలు లేదు, కాబట్టి కారే. పార్కింగ్ ముందే కొనుక్కోవాలి.

ఫ్రిస్కోలో ఉన్నవాళ్ళకు ఇంకో వీలుంది, చాలామంది వాడుకోరు. అక్కడి రఫ్‌రైడర్స్ జట్టు రేంజర్స్‌కు డబుల్-ఎ మెట్టు, అంటే కుర్రాళ్ళను తయారుచేసే కింది జట్టు. 2023 వేసవిలో అక్కడ ఆడిన ఇవాన్ కార్టర్‌ను సెప్టెంబరు 8న పెద్ద జట్టులోకి తీసుకున్నారు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. ఆ అక్టోబరులో తొమ్మిది డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టి పోస్ట్‌సీజన్ రికార్డు పెట్టాడు. వాల్తేరు క్లబ్బు మ్యాచ్‌లో చూసిన కుర్రాడు అదే ఏడు ప్రపంచకప్ ఫైనల్లో ఆడితే ఎలా ఉంటుందో, ఫ్రిస్కోలో టికెట్టు కొన్నవాళ్ళకు అలా ఉండేది.

చెడిన బుల్‌పెన్‌తోనే అక్టోబరు ఎలా గెలిచారు? జవాబు క్యాలెండర్‌లో ఉంది. అక్టోబరు 3 నుంచి నవంబరు 1 వరకు 30 రోజుల్లో రేంజర్స్ ఆడింది 17 ఆటలు. మామూలు నెలలో ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. మధ్యలో విశ్రాంతి దొరికింది గనక మేనేజర్ బ్రూస్ బోచీ ఏడెనిమిది మంది రిలీవర్లను తిప్పాల్సిన పని లేకుండా, నమ్మకమున్న ముగ్గురితోనే నడిపాడు: హోసే లెక్లర్క్, అరోల్డిస్ చాప్‌మన్, జాష్ స్బోర్జ్. పైగా యొవాల్డీ, మాంట్‌గమరీ ఇద్దరూ లోతుగా వేశారు. టాంపాలో తొలి ఆటలో మాంట్‌గమరీ ఏడు ఇన్నింగ్స్‌లు పరుగు ఇవ్వకుండా వేశాడు. దాంతో బుల్‌పెన్ పని రెండు ఇన్నింగ్స్‌లకు కుదించుకుపోయింది. టాంపాపై 2-0, 101 ఆటలు గెలిచిన బాల్టిమోర్‌పై 3-0.

తర్వాత హ్యూస్టన్. ఏడు ఆటలు, ఏడింట్లోనూ అతిథి జట్టే గెలిచింది. ఐదో ఆట శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక మొదలైంది, ఆఫీసు ఇంకా వదలని వేళ. అడోలిస్ గార్సియా మూడు పరుగుల హోమ్ రన్, ఆ తర్వాత బంతి అతనికి తగలడం, రెండు జట్లూ మైదానంలోకి దూసుకురావడం, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో లెక్లర్క్ బంతిని హోసే ఆల్తూవే బయటికి కొట్టడం, ఆస్ట్రోస్ 5-4. మరో మేనేజరైతే లెక్లర్క్‌ను పక్కన పెట్టేవాడు. బోచీ ఆరో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ అతని చేతికే బంతిచ్చాడు. ఆ ఆట 9-2. ఏడో ఆటలో షెర్జర్ తొందరగా దిగిపోతే స్టార్టర్ మాంట్‌గమరీనే రిలీవర్‌గా దింపాడు, 11-4. గార్సియా ఆ సిరీస్‌లో తన బ్యాటుతో జట్టుకు తెచ్చిన పరుగులు 15. ఒకే పోస్ట్‌సీజన్ సిరీస్‌లో ఇంకెవరూ అన్ని తేలేదు.

వరల్డ్ సిరీస్ తొలి ఆట అక్టోబరు 27న. తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి ప్రత్యర్థి అరిజోనా 5-3 ఆధిక్యంలో ఉంది. లియోడీ టవేరస్ ఓపిగ్గా నిలబడి వాక్ (నాలుగు బాల్స్‌తో ఉచిత బేస్) తీసుకున్నాడు, ఒక ఔట్ అయింది, సీగర్ వచ్చాడు. పాల్ స్యూవల్డ్ వేసిన మొదటి బంతి, ఎత్తులో వచ్చిన ఫాస్ట్‌బాల్. కుడివైపు జనంలో పడింది. 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా ఎదురు దిక్కుగా హోమ్ రన్ కొట్టి ఆట ముగించాడు. దాంతో ఆ అక్టోబరులో అతను జట్టుకు తెచ్చిన పరుగులు 22. అప్పటిదాకా 21తో ఆ రికార్డు డేవిడ్ ఫ్రీజ్‌ది. 2011 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో రేంజర్స్‌కు ఇంకొక్క స్ట్రైక్ చాలు అన్నప్పుడు బంతిని కుడి గోడకు కొట్టి, కప్పును వాళ్ళ చేతిలోంచి జారిపోయేలా చేసింది ఆ ఫ్రీజే. పుష్కరకాలం ఈ ఊరివాళ్ళు మరవని పేరది.

మూడో ఆటలో గార్సియాకు పక్కటెముకల కండరం పట్టేసింది, షెర్జర్‌కు నడుం. ఇద్దరూ జట్టులోంచి తప్పుకున్నారు. నాలుగో ఆటలో రేంజర్స్ రెండు, మూడు ఇన్నింగ్స్‌ల్లో ఐదేసి పరుగులు, అన్నీ రెండు ఔట్ల తర్వాతే తీసింది. ఆండ్రూ హీనీ ఐదు ఇన్నింగ్స్‌లు వేసి బుల్‌పెన్ చేతులు మిగిల్చాడు. ఐదో ఆటలో అరిజోనా పిచర్ జాక్ గ్యాలెన్ ఆరు ఇన్నింగ్స్‌ల దాకా ఒక్క హిట్టూ ఇవ్వలేదు. యొవాల్డీ అటువైపు తొలి ఐదు ఇన్నింగ్స్‌ల్లోనూ బేసుల మీద మనుషులను పెట్టుకునే సున్నా నిలబెట్టాడు. ఏడో ఇన్నింగ్స్‌లో రేంజర్స్‌కు ఒక పరుగు వచ్చింది. ఆ 1-0 ఆధిక్యాన్ని చాప్‌మన్ నుంచి అందుకున్నది జాష్ స్బోర్జ్. సీజన్ మొత్తానికి తొమ్మిది ఇన్నింగ్స్‌లకు అతను ఇచ్చిన పరుగుల సగటు 5.50, ఆ 33 చెడిన సేవ్‌ల బుల్‌పెన్ మనిషే. ఏడు ఔట్లు తీశాడు, నలుగురిని స్ట్రైకౌట్ చేశాడు, చివరి బ్యాటర్ కెటెల్ మార్టే మూడో స్ట్రైక్ చూస్తూ నిలబడిపోయాడు. 5-0, సిరీస్ 4-1.