పేక ముక్కలు, అగ్గిపుల్ల, కోస్ట్ స్టార్‌లైట్

"ఫిఫ్టీన్ టూ, ఫిఫ్టీన్ ఫోర్, అండ్ ఎ పెయిర్ ఈజ్ సిక్స్" అని గొణుక్కుంటూ పెద్దాయన చెక్క పలక మీద తన పుల్లని ఆరు చిల్లులు ముందుకి గుచ్చాడు. నాకు ముక్క అర్థం కాలేదు. ఆ పలక చూస్తే మాత్రం మా అమ్మమ్మ వామనగుంటల పీట గుర్తొచ్చింది. గుంటల బదులు సన్నటి చిల్లులు, చింతగింజల బదులు పుల్లలు, అంతే తేడా. ఆ పుల్లల్లో ఒకటి ఎక్కడో పడిపోయిందట. దాని చోట కాల్చేసిన అగ్గిపుల్ల వాడుతున్నాడు. నాకిచ్చింది అదే.

2001 అక్టోబరు. అమెరికాలో రైలెక్కి పోర్ట్‌లాండ్ నుంచి శాన్ హోసే వెళ్తున్నాను. ఆర్నెల్ల కాంట్రాక్టు అన్నది నాలుగో నెలలోనే అయిపోయింది. నా వీసా చేసిన కన్సల్టెన్సీ వాళ్ళు "గెస్ట్‌హౌస్‌కి వచ్చెయ్, ఇక్కణ్ణుంచి మార్కెటింగ్ చేద్దాం" అన్నారు. అంటే బెంచి, ఇంకో ప్రాజెక్టు దొరికేదాకా ఖాళీగా కూచోవడం. బెంచి అంటే జీతం లేదు, ఇద్దరు పడుకునే గదిలో ఐదుగురు, రోజూ సాంబారు. ఆ ఏడాదికే హెచ్1బి ఉద్యోగ వీసాల కోటాని 1,15,000 నుంచి 1,95,000కి పెంచారు. వీసాలు పెరిగిన ఏడే ఉద్యోగాలు ఊడటం మొదలైంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇప్పుడిచ్చే 60 రోజుల గడువు కూడా అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. పొట్టలో టెన్షన్, చేతిలో రెండు సూట్‌కేసులు, అందులో ఒకదాంట్లో తువ్వాల్లో చుట్టిన ప్రెషర్ కుక్కరు.

విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయి గానీ, సెప్టెంబరు 11 అయ్యి ఐదు వారాలే. నా రంగు, నా గడ్డం, ఆ కుక్కరు. ఎయిర్‌పోర్టులో స్కానరు ముందు నిలబడి "ఇది పప్పు ఉడకబెట్టుకునేది" అని చెప్పుకునే ధైర్యం నాకు లేదు. "రైల్లో పోరా బాబూ, గొడవుండదు" అన్నాడు రూమ్మేటు. పోర్ట్‌లాండ్ యూనియన్ స్టేషన్ గడియారం స్తంభం మీద "గో బై ట్రైన్" అని పెద్ద నియాన్ అక్షరాలుంటాయి. వాడి మాట, ఆ బోర్డు మాట ఒకటే అయ్యాయి.

కోస్ట్ స్టార్‌లైట్ సియాటిల్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా 1,377 మైళ్ళు వెళ్తుంది. ఒకటిన్నర రోజు ప్రయాణం. పెట్టెలన్నీ రెండంతస్తులు. నా కోచ్, అంటే మామూలు తరగతి, సీటు మన డీలక్స్ బస్సు సీటుకన్నా వెడల్పు, కాళ్ళు చాపుకుంటే ముందు సీటు తగలదు. అయినా గంటకన్నా ఎక్కువ అక్కడ కూచోలేకపోయాను. పక్కనున్నావిడ పలకరించదు, నేను పలకరించలేను. మనసంతా రెజ్యూమే మీదుంది. లేచి నడిస్తే లౌంజ్ కారు తగిలింది.

ఆ పెట్టెకి సైట్‌సీయర్ లౌంజ్ అని పేరు. 1980 ప్రాంతంలో అమెరికాలో ప్రయాణికుల రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ వాళ్ళు ఇలాంటివి చేయించారు. పై అంతస్తులో కిటికీలు గోడ దగ్గర ఆగకుండా కప్పు దాకా వంగి వెళ్తాయి. కుర్చీలు బయటకి తిరిగి ఉంటాయి, అరుగు మీద కూచుని వీధి చూస్తున్నట్టు. ఒక సగంలో నలుగురేసి కూచునే బల్లలు. కింద చిన్న కొట్టు, అందులో మైక్రోవేవులో వేడిచేసిచ్చే బర్గర్లు, కప్పులో నూడిల్సు, కాఫీ, పేక సెట్లు. రైలు కంపెనీ బొమ్మేసిన పేక ముక్కలు రైల్లోనే అమ్మడం చూసి నాకు భలే ముచ్చటేసింది. మన దగ్గర పేకాడితే టీటీఈ వచ్చి కసురుతాడు.

నేను సెట్టు కొనుక్కుని పైకొచ్చి ఊరికే కలుపుతూ కూచున్నాను. ముక్కలు కలిపే చప్పుడుకి తల తిప్పాడు ఆ పెద్దాయన. "క్రిబేజ్ వచ్చా?" అన్నాడు. రాదన్నాను. "రాకపోతే మంచిదే, నేను గెలుస్తాను" అని సంచిలోంచి పలక తీశాడు.

తలా ఆరు ముక్కలు. రెండు పక్కన పడేయాలి, పడేసినవన్నీ పంచినవాడి ఖాతాలోకి పోతాయి. ఆ తర్వాత పదిహేను ఎన్ని రకాలుగా వస్తుందో ఏరుకోవడమే. ఏడూ ఎనిమిదీ పదిహేను, దానికి రెండు. ఇంకో ఎనిమిది ఉంటే మళ్ళీ పదిహేను, ఇంకో రెండు. ఎనిమిదుల జతకి రెండు. ముందు 121 చేరినవాడిది ఆట. మన రమ్మీలో సీక్వెన్స్ పడలేదని ఏడ్చేవాణ్ణి, ఇక్కడ కూడికలు రాక ఏడ్చాను. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఆయన ఓపిగ్గా నా ముక్కల్లో నేను చూడని పదిహేను చూపించేవాడు. రెండో ఆట నుంచి చూపించడం మానేసి ఆ పాయింట్లు తనే వేసుకున్నాడు. అదీ ఆటలో రూలేనట.

వయసులో మా పెదనాన్నంత మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు, "సర్" అంటూ వచ్చాను. ఆయన నా పేరు రెండుసార్లు అడిగి, రెండుసార్లూ తప్పు పలికి వదిలేశాడు. పోర్ట్‌లాండ్‌లో మనవరాల్ని చూసుకుని క్లామత్ ఫాల్స్ అనే ఊరు వెళ్తున్నాడట. ముప్పై ఏళ్ళు కలప మిల్లులో పనిచేశాడు. ఆ అడవుల్లో స్పాటెడ్ ఔల్ అని ఒక గుడ్లగూబ ఉంటుంది, దాన్ని 1990లో రక్షించాల్సిన జాతుల జాబితాలో చేర్చాక ప్రభుత్వ అడవుల్లో చెట్లు కొట్టడం బాగా తగ్గించేశారు. ఆయన మిల్లు మూతపడింది. "నా ఉద్యోగం గుడ్లగూబ పీకేసింది. నీది ఎవరు పీకారు?" అన్నాడు, ముక్కల మీంచి చూపు ఎత్తకుండానే.

నాకు ఉద్యోగం పోయిందని నేనింకా చెప్పనేలేదు. వారం మధ్యలో మధ్యాహ్నం పూట రైల్లో కూచుని పేక కలిపేవాణ్ణి చూస్తే తెలిసిపోతుంది కాబోలు.

"డాట్‌కామ్" అన్నాను. ఇంటర్నెట్ కంపెనీలు కూలుతున్న రోజులవి. ఆయన తలాడించి ముక్క వేశాడు.

మీ రైళ్ళలో ఏం చేస్తారని అడిగాడు. నేను డిగ్రీకి నిడదవోలు నుంచి రాజమండ్రి పాసు మీద తిరిగాను. పాసింజరు బండిలో మా పెట్టెకి ఓ గుమాస్తాల జట్టు ఉండేది. ఎదురెదురు సీట్లలో కూచుని మోకాళ్ళ మీద సూట్‌కేసు పెట్టి, దాని మీద తువ్వాలు పరిచి పదమూడు ముక్కలాట. చోటు దొరక్కపోతే పైబెర్తు మీంచి వంగి వేసేవాళ్ళు కూడా ఉండేవారు. ఇంతలో హార్మోనీ మెళ్ళో వేసుకుని ఒకాయన, ఆయన వెనక రెండు పెంకుముక్కలు టకటకలాడిస్తూ ఒక పిల్ల. కొవ్వూరు దాటి బండి గోదావరి మీదకి రాగానే ఆట ఆగిపోయేది. ముక్కలు బోర్లించి, జేబులో చిల్లర తీసి నీళ్ళలోకి విసిరి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ ముక్కలు ఎత్తేవారు. ఎంత మంచి ముక్కలొచ్చినా సరే, నది దాటేదాకా ఎవరూ షో కొట్టరు.

"నదిలో డబ్బులు వేస్తారా? మరి ఎవరు తీసుకుంటారు?"

"కింద పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి లాగుతారు."

ఆయన చాలాసేపు నవ్వాడు. "నీ కంప్యూటర్ల కన్నా అదే నిలకడైన పనిలా ఉంది" అన్నాడు.

యూజీన్‌లో గిటారు పట్టుకుని ఓ కాలేజీ కుర్రాడు ఎక్కాడు. కొండ ఎక్కుతుంటే సొరంగం వచ్చిన ప్రతిసారీ పాట ఆపేవాడు. చీకట్లో తీగలు కనపడవేమో మరి. మంచు పడితే పట్టాలు కప్పెయ్యకుండా కట్టిన షెడ్లు, వాటి మధ్య దేవదారు లాంటి చెట్లు, తర్వాత పూర్తిగా చీకటి. అప్పుడు స్పీకర్లో "కాసేపట్లో లౌంజ్ కారులో సినిమా" అని చెప్పారు.

పెట్టె చివర పైన బిగించిన టీవీ, దానికో వీడియో క్యాసెట్టు. పెద్ద లైట్లు తగ్గించారు. పిల్లలు నేల మీద కూచున్నారు, వాళ్ళ తల్లులు దుప్పట్లు తెచ్చుకున్నారు. ఒక కుటుంబం, ఒక కుక్క, తప్పిపోయిన కుక్క. దూరం నుంచి నాకు సగం మాటలు వినపడలేదు, వినపడిన సగం అర్థం కాలేదు. మా బల్ల దగ్గర నుంచి నాకు బాగా కనపడింది టీవీ కాదు, కిటికీ. బయట చీకటి కదా, వంగిన అద్దం మీద సినిమా తిరగబడి ఆడుతోంది. కుక్క పరిగెడుతుంటే దాని ఒంట్లోంచి చెట్లు వెనక్కి పోతున్నాయి. మధ్యలో చెమల్ట్ అనే చిన్న స్టేషను వచ్చింది. ప్లాట్‌ఫాం దీపం వెలుగు పడగానే అద్దం మీద కుక్క మాయమైంది, సంచులు మోసుకుంటూ ఇద్దరు మనుషులు కనపడ్డారు. బండి కదిలాక కుక్క మళ్ళీ వచ్చింది.

క్లామత్ ఫాల్స్ వచ్చేసరికి రాత్రి పదైంది. పెద్దాయన పలక సంచిలో పెట్టుకుని, "పదిహేనులు చూడటం నేర్చుకో" అని దిగిపోయాడు. అగ్గిపుల్ల కూడా గుర్తుగా అడిగి పట్టుకుపోయాడు. నేనేదో దాచుకుంటానని అనుకోకండి.

పొద్దున శాక్రమెంటో దాటాక కాళ్ళు సాగుతాయని ముందుకి నడిచాను. డైనింగ్ కారు అవతల ఒక తలుపు, దానికి అద్దం. అద్దంలోంచి చూస్తే వేరే లోకం. ఎటు కావాలంటే అటు తిరిగే పెద్ద కుర్చీలు, చిన్న చిన్న దీపాలు, ఓ బారు, అల్మారాలో పుస్తకాలు. అటెండెంటు మర్యాదగానే చెప్పాడు, అది పసిఫిక్ పార్లర్ కారు, స్లీపరు టికెట్ వాళ్ళకి మాత్రమేనని. మధ్యాహ్నం వైన్ రుచి చూపిస్తారట. "కింద సినిమా హాలు కూడా ఉంది" అన్నాడు. రైల్లో సినిమా హాలేమిటి! ఏసీ ఫస్ట్ క్లాసు తలుపు దగ్గర జనరల్ వాడు నిలబడ్డట్టు కాసేపు నిలబడి వెనక్కొచ్చాను. పదింటికల్లా శాన్ హోసే డిరిడాన్ స్టేషను, కుక్కరు, గెస్ట్‌హౌస్, సాంబారు.

నాలుగు నెలల బెంచి తర్వాత ఉద్యోగం వచ్చింది. తర్వాతివన్నీ అందరికీ తెలిసినవే: గ్రీన్‌కార్డు క్యూ, ఇల్లు, అప్పు. ఆ పార్లర్ కారు మాత్రం మనసులో ఉండిపోయింది. ఖాళీ దొరికినప్పుడు దాని గురించి చదివేవాణ్ణి. అవి శాంటా ఫే రైలు కంపెనీ 1956లో బడ్ కంపెనీ చేత చేయించిన పెట్టెలు. షికాగో, లాస్ ఏంజెలెస్ మధ్య నడిచే ఎల్ కాపిటాన్ అనే రైలు కోసం. 1971లో ఆమ్‌ట్రాక్ చేతికొచ్చి, తొంభైల్లో ముస్తాబై ఈ రైలుకి తగిలాయి. ఇందులో తమాషా ఏమిటంటే ఎల్ కాపిటాన్‌లో స్లీపర్లే ఉండేవి కావు, మొత్తం కోచ్ ప్రయాణికుల రైలు. మామూలు టికెట్ వాళ్ళ కోసం చేయించిన పెట్టె ముందే నన్ను మామూలు టికెట్ వాడివని ఆపారన్నమాట.

2017 వేసవిలో, ముగ్గురం, స్లీపరు టికెట్లు. శాన్ హోసే నుంచి లాస్ ఏంజెలెస్. రైల్లో పగలంతా గడిపి రాత్రికి దిగిపోయేదానికి పడకెందుకని మా ఆవిడ లెక్క అడిగింది. పడక కోసం కాదని నేను చెప్పలేదు. బండి కదిలిన పది నిమిషాలకే పార్లర్ కారులో ఉన్నాను. కుర్చీ నిజంగానే తిరుగుతుంది. మా ఆవిడ రెండుసార్లు తిరిగి "కళ్ళు తిరుగుతున్నాయండీ" అని ఆపేసింది. శాన్ లూయిస్ ఒబిస్పోకి కొండ దిగేటప్పుడు మలుపులో మన ఇంజినే మనకి ఎదురుగా కనపడుతుంది. అందరూ ఫోన్లెత్తారు. తర్వాత సముద్రం, పట్టాల పక్కనే, గంటల తరబడి. వేసవిలో సైట్‌సీయర్ లౌంజ్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ వాలంటీర్లు మైకు పట్టుకుని ఊళ్ళ కథలు చెప్పేవారు. నేను అక్కడికీ ఓసారి వెళ్ళొచ్చాను, అలవాటైన అరుగు కదా. 1775-76లో డి అన్జా అనే స్పానిష్ సైన్యాధికారి రెండు వందల పైచిలుకు వలస జనాన్ని వెంటేసుకుని శాన్ ఫ్రాన్సిస్కో వైపు నడిపించిన దారి ఇదేనని చెప్పారు. పశువులు, పిల్లలు, గర్భిణులు, నెలల తరబడి నడక. వాళ్ళ సామాన్లలో కుక్కరులాంటిది ఏముండేదో.

ఆ పెట్టెలకి అదే చివరి వేసవి. 2018 ఫిబ్రవరిలో తీసేశారు. అప్పటికి వాటికి అరవై దాటాయి.

సముద్రం వెంట సైనిక స్థావరం భూముల్లోకి వచ్చాక అమ్మాయి ఫోన్లో సిగ్నల్ పోయింది. విసుగ్గా చుట్టూ చూసింది. ఇదే సందని, "కింద సినిమా హాలుంది, రా" అన్నాను. సన్నటి మెట్లు దిగాం. నిజంగానే హాలు. వరసల్లో మెత్తటి సీట్లు, ఎదురుగా తెర. మనిషి లేడు. తెర మీద ఏమీ లేదు. పైన వైన్ గ్లాసుల చప్పుడు, నవ్వులు వినపడుతున్నాయి. మా ఆవిడ చెప్పులు విడిచి ముందు వరసలో కాళ్ళు చాపుకుని "ఇక్కడే హాయిగా ఉంది" అని కళ్ళు మూసుకుంది.

అమ్మాయి తెర వైపు, నా వైపు చూసింది.

"ఇక్కడ ఏ సినిమాలు వేసేవాళ్ళు నాన్నా?"

"నాకేం తెలుసమ్మా, నన్ను లోపలికి రానిస్తేగా!"