కొత్త ప్రత్యేక విద్యా అధికారికి తోడుగా ఉండాలంటే

ప్రత్యేక విద్య, అంటే వైకల్యం ఉన్న పిల్లల చదువు, బాధ్యత కొత్తగా తీసుకున్నవారి చేతిలో మొదటి రోజే నిబంధనల కట్ట పెట్టకండి. పక్కన కూర్చుని ఒక్క పిల్లవాడి ఫైలు తెరవండి. ఆ పిల్లవాడి కోసమే రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ‘చదవడం మెరుగుపడాలి’ అని మాత్రమే ఉంటే అది లక్ష్యం కాదు. ఇప్పుడు నిమిషానికి 40 పదాలు చదువుతున్నాడు, ఏడాది చివరికి 70 చదవాలి, రెండు వారాలకోసారి కొలుస్తాం అని ఉండాలి. ఈ తేడా కంటికి ఆనాక మిగతా ఫైళ్లలో లోపాలు వాళ్లే పట్టేస్తారు.

గడువుల పట్టికలో ఈ ప్రణాళిక సమీక్ష సమావేశం తేదీ ఒక్కటే రాసుకుంటే ఆలస్యం ఖాయం. నిపుణులు, టీచర్లు, తల్లిదండ్రులు ఒకే రోజు దొరకరు కాబట్టి కనీసం 45 రోజుల ముందే కబురు వెళ్లాలి. నిర్ణయాలన్నీ టైపు చేసుకుని సమావేశానికి వెళ్లడం మాత్రం పెద్ద తప్పు. తల్లి మాట వినకుండానే సంతకం అడిగినట్టవుతుంది. మొదటి రెండు సమావేశాలకు మీరూ వెళ్లండి, కానీ నడిపేది ఆ కొత్త అధికారే.