పికార్డ్ మీద కోపం

ఇంతకుముందు మనం కలిశామా అని పికార్డ్ అడగ్గానే పాజ్ నొక్కేశాను. టీ కప్పు చేతిలోనే ఉండిపోయింది.

ఇవాళే ‘స్టార్ ట్రెక్’ సిరీసుల్లో ఒకటైన ‘డీప్ స్పేస్ నైన్’ మొదలుపెట్టా. 1993 నాటిది. దానికి ముందొచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’ చూసీ చూసీ, అందులో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్ నాకు ఇంట్లో పెద్దాయనలా అయిపోయాడు. ఆయన ఎదుట నిలబడ్డ కొత్త సిరీస్ హీరో సిస్కో కళ్లలో మాత్రం అణచుకున్న కోపం.

బోర్గ్‌తో, అంటే మనుషుల్ని పట్టుకుని తమలో కలిపేసుకునే సగం యంత్రాల జాతితో, జరిగిన వుల్ఫ్ 359 యుద్ధాన్ని పాత సిరీస్‌లో చూపించలేదు. ఎంటర్‌ప్రైజ్ వెళ్లేసరికి మిగిలింది శకలాలే. అప్పుడు నా టెన్షనంతా బోర్గ్ ఎత్తుకెళ్లిన పికార్డ్ తిరిగొస్తాడా లేదా అనే. పోయిన ఆ 39 నౌకల్లో సారటోగా ఒకటని, అందులోనే సిస్కో భార్య జెనిఫర్ చనిపోయిందని ఇప్పుడు చూశా. ఆ దాడిలో బోర్గ్ తరఫున మాట్లాడిన గొంతు, వాళ్లు లొక్యూటస్‌గా మార్చేసిన పికార్డ్‌దే.

తప్పు ఆయనది కాదు. సిస్కోకీ తెలుసనుకుంటా. అయినా సరే.

పాత హీరో వచ్చి కొత్తవాళ్లని దీవించి వెళ్లిపోతాడనుకున్నా, మన సినిమాల్లో గెస్ట్ రోల్‌లాగా. వీళ్లేమో తీసుకొచ్చి బోనులో నిలబెట్టారు!

యుద్ధం తర్వాత పికార్డ్ ఊరెళ్లి, బురదలో కూర్చుని అన్న ముందు ఏడ్చిన ఎపిసోడ్ ఒకటుంది. రేపు అది మళ్లీ చూడాలి.