మిషన్ పీక్ మీద పొద్దు గుంకే వేళ

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో కాపురముండే తెలుగువాళ్లకి మిషన్ పీక్ ఇంటి వెనక కొండలాంటిది. ఎత్తు 2,517 అడుగులు. విని తేలిగ్గా తీసుకుంటారు గానీ అందులో దాదాపు రెండు వేల అడుగులు కాళ్లతోనే ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేదీ ఇంచుమించు ఇంతే. కాకపోతే ఇక్కడ మెట్లు లేవు, నెత్తిమీద కప్పు లేదు, దారిలో మజ్జిగ అమ్మేవాళ్లూ లేరు.

అక్టోబరు రెండో శనివారం ఆరుగురం కలిసి వెళ్లాం. సాయంత్రం కొండకు లెక్క పొద్దు గుంకే వేళ నుంచి వెనక్కి వేసుకోవాలి. ఆ రోజు సూర్యాస్తమయం 6:35 ప్రాంతంలో. ఎక్కడానికి రెండున్నర గంటలు, పైన ఒక గంట, దిగడానికి గంటా నలభై నిమిషాలు. అందుకని మూడుంబావుకే నడక మొదలుపెట్టాం.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా గేటు దగ్గరే. కొండకు రెండు దారులున్నాయి. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి హిడెన్ వ్యాలీ ట్రెయిల్ మూడు మైళ్లు. అందరూ అటే వెళ్తారు. కానీ అక్కడ పార్కింగ్ చిన్నది, శని ఆదివారాల్లో చుట్టుపక్కల వీధుల్లో పర్మిట్ లేకుండా కారు ఆపనివ్వరు. పైగా ఆ గేటు ఓలోనీ కాలేజీ వైపు కంటే ముందే మూసేస్తారు, వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. జూన్‌లో పొద్దు గుంకేదే ఎనిమిదిన్నరకు. అది చూసి దిగేసరికి వేళ మించిపోతుంది, జరిమానా చీటీ చేతికొస్తుంది. అందుకే మేం ఓలోనీ కాలేజీ వైపు నుంచి పీక్ ట్రెయిల్ పట్టాం. అర మైలు ఎక్కువ, పార్కింగ్‌కు కాస్త డబ్బు కట్టాలి. అయినా సాయంత్రానికి అదే సరైన దారి. మొదట్లో అక్కడక్కడా చెట్ల నీడ కూడా దొరుకుతుంది. ఏ వైపు నుంచి వెళ్లినా బయలుదేరే రోజు వేళలు సరిచూసుకోండి.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. పైన ఎక్కడా తాగేందుకు దొరకవు. అక్టోబరులో గడ్డి ఎండి బంగారు రంగుకు తిరిగి ఉంటుంది, పడమటి వాలు కాబట్టి మధ్యాహ్నం ఎండంతా దానిమీదే. ఒక సీసా సగం నింపి రాత్రి ఫ్రీజర్‌లో పడుకోబెట్టి, పొద్దున మిగతా సగం పలచటి ఉప్పు మజ్జిగ పోస్తే కొండకొన దాకా చల్లగా ఉంటుంది. నిండా నింపి గడ్డకట్టిస్తే సీసా పగులుతుంది. తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపుకు త్వరగా పాడవదు, చల్లారినా రుచి తగ్గదు. ఒక్కొక్కరిదీ విడిగా పొట్లం కట్టండి. పైన గాలికి పేపరు ప్లేట్లు నిలవవు.

దారిలో ఆవులు మేస్తుంటాయి. గేట్లు తీసినవాళ్లే వెనక్కి వెయ్యాలి. ఆవుకీ దూడకీ మధ్య నుంచి మాత్రం నడవొద్దు. వంపుల దగ్గర అడ్డదారులు కనిపిస్తాయి, తొక్కకండి. గడ్డి పోయినచోట వానాకాలంలో మట్టి కోసుకుపోతుంది. ఈ కొండ మట్టి అసలే గట్టిది కాదు, 1998 వానలకు పడమటి వైపు పెద్ద చరియ జారింది. వానలు పడే నెలల్లో ఆ బంకమట్టి బూటుకు అంటుకుని ఒక్కో కాలు రెండు కాళ్ల బరువౌతుంది. అప్పుడు రెండు రోజులు ఆరనిచ్చి వెళ్లడం మేలు.

చివరి పావు మైలు రాళ్లు. అక్కడ తొందర పనికిరాదు. 5:45కి పైకి చేరాం. శిఖరం మీద చిల్లులున్న గొట్టాలతో ఒక స్తంభం ఉంది, పేరు మిషన్ పీకర్. 1990లో పార్కు రేంజరు లెనార్డ్ పేజ్ నిలబెట్టారు. ఒక్కో గొట్టంలోంచి చూస్తే ఒక్కో చోటు కనబడేలా కూర్చారు. జనం దానిమీదికెక్కి ఫొటోల కోసం వరస కడతారు. ఎక్కకండి, కంటితో చూడండి, అది చూడడానికే పెట్టింది. ఉత్తరాన మౌంట్ డయాబ్లో, ఆగ్నేయాన మౌంట్ హామిల్టన్ మీద లిక్ అబ్జర్వేటరీ తెల్లటి గుమ్మటాలు, కింద 1797 నాటి క్రైస్తవ మఠం మిషన్ శాన్ హోసే ఉన్న పేట.

చెమట ఆరకముందే జాకెట్ వేసుకోవాలి. తడి చొక్కా మీద సముద్రపు గాలి తగిలితే పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. ఆరున్నరకు పొద్దు శాన్ ఫ్రాన్సిస్కో బే అవతలి కొండల్లోకి దిగింది. ముందు బే ఒడ్డున ఉప్పు మళ్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి, తర్వాత బే నీళ్లు రాగిరంగుకు తిరిగాయి. అక్కడున్న అంతమందిలో కాసేపు ఒక్కరూ మాట్లాడలేదు. అసలు రంగులు సూర్యుడు మునిగాక పావుగంటకు వస్తాయి. కానీ వెలుగు అరగంట కూడా ఉండదు. అందుకే పది నిమిషాలాగి బయల్దేరాం. రాళ్ల భాగం వెలుగుండగానే దాటాలి, మిగతా రంగులు నడుస్తూ చూడొచ్చు.

దిగే ముందు బూటు లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టాలి, లేకుంటే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. ఎండిన దారిమీద సన్న గులకలు పూసల్లా దొర్లుతాయి. భయపడి వెనక్కి వాలితే కాలు ముందుకు జారుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదం మీదే ఉంచి, చిన్న అడుగులు వెయ్యాలి. చేతికర్రలుంటే ఇక్కడే పనికొస్తాయి. ఫోను వెలుతురు చాలదు, ఒక చెయ్యి దానికే పోతుంది. హెడ్‌ల్యాంప్ మనిషికొకటి. నుదుటి మీది వెలుగుకు రాళ్ల నీడలు కనబడక నేలంతా చదునుగా తోస్తుంది. గుంటలున్నచోట దాన్ని తీసి నడుము దగ్గర పట్టుకుంటే ప్రతి రాయీ నీడతో తేలుతుంది. చీకట్లో జంటగా మెరిసే పచ్చటి కళ్లు చాలావరకు ఆవులవే. ఆగి, మాట్లాడుతూ, చుట్టు తిరిగి వెళ్లాం.

8:25కి కార్ల దగ్గరికి చేరాం. ఎక్కేముందు సాక్సు అంచులు, మోకాళ్ల వెనక ఒకరికొకరు టార్చి వేసి చూసుకున్నాం. గడ్డిలో పిడుదులు పడతాయి, ఇంటికెళ్లాక చూద్దాంలే అంటే అవి ఆగవు.