లివర్ స్కాన్ రిపోర్టులో ఒక్క అంకె చూస్తే చాలదు

మామూలు స్కానింగ్‌లో నాకు "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2" అని రాశారు. దాన్నిబట్టి కొవ్వు పట్టిందని తెలుస్తుంది, లివర్ గట్టిపడిందో లేదో తెలియదు. అందుకే వైజాగ్‌లోనే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకున్నాను. గట్టిదనం 11.4 కిలోపాస్కల్స్, కొవ్వు చెప్పే క్యాప్ 318 వచ్చాయి. గట్టిదనం 8 లోపుంటే ముదిరిన ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చలు పడి గట్టిపడటం) దాదాపు లేనట్టే, 12 దాటితే అనుమానం గట్టిదే. నాది రెంటికీ మధ్యన పడింది.

ఇలాంటి అంకె చూసి చాలామంది బెంబేలెత్తిపోతారు. గట్టిదనం మచ్చల వల్లే పెరగదు. లివర్ వాచినా, పిత్తనాళం మూసుకుపోయినా, గుండె బలహీనతతో లివర్‌లో రక్తం నిలిచినా, టిఫిన్ చేసి వెళ్లినా పెరుగుతుంది. అప్పుడు రక్తపరీక్షలో లివర్ దెబ్బను చూపే ఎంజైమ్ ఏఎల్‌టీ నాకు 142, అంటే వాపు ఎక్కువగానే ఉంది. వయసు, ఏఎస్‌టీ (ఇలాంటిదే ఇంకో ఎంజైమ్), ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లతో కట్టే ఫిబ్-4 స్కోరు 1.4 వచ్చింది. అది 1.3 లోపుంటే ఊరట, నాది కొంచెం పైన. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూశాకే డాక్టరుగారు బయాప్సీకి (సూదితో లివర్ ముక్క తీసి చూసే పరీక్షకి) తొందర లేదన్నారు.

కొత్తరకం అల్ట్రాసౌండ్ మెషిన్లు ఇంకొన్ని కొలుస్తాయి. కొవ్వున్న లివర్‌లో శబ్దతరంగం త్వరగా నీరసిస్తుంది, వెనక్కి ఎక్కువగా చెదురుతుంది, వేగం తగ్గుతుంది. షియర్ వేవ్ డిస్పర్షన్ అనే కొలత వాపు వైపు చూపిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో బలహీనత ఉంది కాబట్టే కలిపి చదవాలి.

స్కాన్‌కి కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు. వెల్లకిలా పడుకుని కుడిచేయి తల వెనక్కి పెడితే పక్కటెముకల సందు విచ్చుకుంటుంది. జెల్ రాసి అక్కడ ప్రోబ్ ఆనిస్తారు, టక్‌మని చిన్న తట్టు తగులుతుంది. నొప్పేం ఉండదు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు కదలొద్దు. సరైన రీడింగులు 10 రావాలి. రిపోర్టులో ఐక్యూఆర్/మీడియన్ (రీడింగుల మధ్య తేడా ఎంతో చెప్పే అంకె) 30 శాతం లోపుందేమో మీరే చూసుకోండి, నాది 12. చర్మం నుంచి లివర్‌కి 25 మిల్లీమీటర్లు దాటితే ఇంకా లోతుగా కొలిచే ఎక్స్‌ఎల్ ప్రోబ్ అడగండి. లేకపోతే అంకె తప్పుగా ఎక్కువ రావచ్చు.

మద్యం నాకు అలవాటు లేదు. ఉదయం బీచ్ రోడ్డు మీద వేగంగా నడక, రాత్రి అన్నం సగం, వంజరం వేపుడు బదులు పులుసు, కూల్‌డ్రింకులు పూర్తిగా బంద్. బరువు 86 నుంచి 78 కిలోలకు దిగింది, అంటే 9 శాతం పైనే. వాపు తగ్గాలంటే 7 శాతం, మచ్చలు కూడా కరగాలంటే 10 శాతం తగ్గాలంటారు. ఇప్పుడు ఏఎల్‌టీ 36, గట్టిదనం 7.1, క్యాప్ 262. వాపు దిగడంతో కొంత, లివర్ నిజంగా మెత్తబడి కొంత తగ్గి ఉంటుంది. దేనివల్ల ఎంతో ఈ ఒక్క స్కాన్‌తో విడదీయలేం.

వచ్చే స్కాన్ కూడా అదే మెషిన్ మీద, అదే ప్రోబ్‌తో, పరగడుపునే చేయించుకుంటాను. వేరే కంపెనీ మెషిన్‌లో వచ్చే కిలోపాస్కల్స్‌ని దీంతో పోల్చడానికి లేదు.