ఆరు ప్లైల లెక్క

పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ట్రెయిలర్ పక్కన కూర్చున్నాను. ఎడమ టైరు మార్చాలి. రెండు అంచులూ అరిగిపోయాయి, నడుమ మాత్రం గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి. "ఆరు ప్లై ఆగట్లేదురా, ఈసారి ఎనిమిది ప్లైది వేయించు" అన్నాడు అన్నయ్య నిన్న. ప్లై అంటే టైరు లోపలి పొర. సరేనన్నాను కానీ, కొనేముందు పాతదాని మీద ఏం రాసి ఉందో ఒకసారి చదవాలనిపించింది.

మట్టి తుడిస్తే అక్షరాలు తేలాయి. ఎస్‌టీ 205/75 ఆర్15 సైజు, లోడ్ రేంజ్ (బరువు మోసే తరగతి) సి. ఎస్‌టీ అంటే ట్రెయిలర్ కోసమే చేసినది. సి అంటే ఆరు ప్లై రేటింగ్, డి అయితే ఎనిమిది, ఇ అయితే పది. లోపల నిజంగానే ఆరు పొరలుంటాయని ఇన్నేళ్లూ నమ్మాను. ఉండవట. నూలుదారంతో టైర్లు చేసిన రోజుల్లో పొరలు లెక్కపెడితే బలం తెలిసేది. పాలిస్టర్, ఉక్కు తీగలు వచ్చాక అంతకన్నా తక్కువ పొరలతోనే ఆ బలం వస్తోంది. అంకె మాత్రం పాత అలవాటుగా నిలిచిపోయింది.

దాని కిందే, ఇంకా చిన్న అక్షరాల్లో: టైరు చల్లగా ఉన్నప్పుడు 50 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) గాలి ఉంటే గరిష్ఠ బరువు 825 కిలోలు. ఇదే సైజు డి టైరు 65 పీఎస్ఐ దగ్గర 975 కిలోలు మోస్తుంది. మరి డి టైరులోనూ 50 మాత్రమే కొడితే? అదీ 825 కిలోలే! ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బరువు మోసేది గాలి. ఎంత గాలిని తట్టుకోగలదో చెప్పడమే ఆ అక్షరం పని.

వెంటనే గేజి పెట్టి చూశాను. 35. ఈ సైజు టైరు ఆ గాలితో మోయగలిగేది 670 కిలోలు. సరుకుతో సహా ట్రెయిలర్‌ని కాటాకు తీసుకెళ్లి, ఒక్కో చక్రాన్నీ విడిగా తూయించాను. కుడివైపు 690, ఎడమవైపు 790. గుండె జారింది. గాలి చాలక టైరు పక్కలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ వేడెక్కిపోతాయి, పేలడానికి అదే దారి. వెనక పిల్లలతో వచ్చే బండ్లు గుర్తొచ్చాయి. అంచుల అరుగుదలా అదే చెబుతోంది, టైరును తిట్టుకున్నాను గానీ తప్పు నాది.

డి టైర్లు రెండూ ఒకేసారి వేయించాలని నిర్ణయించుకున్నాను. 825కీ 790కీ మధ్య మిగిలేది 35 కిలోలే, అది చాలదు. అయితే రిమ్ మీద ముద్రించిన గరిష్ఠ పీడనం 65కి తగ్గకూడదు. రబ్బరు వాల్వు తీసేసి లోహపుది పెట్టించాలి. ఇరుసు ప్లేటు మీద రాసిన బరువు మాత్రం ఏ టైరు వేసినా పెరగదు. అన్నయ్యకి ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నా దానికీ చూసిపెట్టరా" అన్నాడు.

తుడుస్తుంటే డాట్ కోడ్ (టైరు మీద అచ్చువేసిన తయారీ గుర్తు) చివర నాలుగంకెలు కనిపించాయి: 2316. అంటే 2016లో 23వ వారంలో తయారైంది. కుడి టైరుదీ అదే.

సాయంత్రం బరువైన పనిముట్ల పెట్టెను ఎడమ మూల నుంచి ఇరుసు మీదికి, నడుమకు జరిపాను. రేపు తెల్లవారగానే, చక్రం కదలకముందే గాలి చూడాలి.