డైలేషన్ చుక్క వేసే ముందు

కంటి ఓపీలో నర్సు చేతిలో రోజంతా ఉండేది చుక్కల సీసా. చూసేవాళ్లకు అదేం పెద్ద పనిలా అనిపించదు. తల వెనక్కి వాల్చమంటాం, కింది రెప్ప లాగుతాం, చుక్క వదులుతాం, అంతే. కానీ డైలేషన్ చుక్క, అంటే కనుపాపను విచ్చుకునేలా చేసే మందు, ఒకసారి పడిందంటే నాలుగు నుంచి ఆరు గంటల దాకా ఆ కనుపాప మన మాట వినదు. కంటిని చూసి తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఆ చుక్కకు ముందే దొరుకుతాయి. తర్వాత డాక్టరు అడిగినా చెప్పలేం, ఇంకో రోజు రమ్మనాల్సిందే. కొత్తగా ఈ విభాగంలోకి వచ్చిన సిస్టర్లు చుక్క వేయడం ఒక్క పూటలో నేర్చేసుకుంటారు. దానికి ముందు జరగాల్సిన వరుస చేతికి పట్టడానికే నెలలు పడుతుంది.

అన్నిటికన్నా ముందు చూపు. కంట్లో టార్చి వేయకముందు, కంటి ప్రెజర్ చూడకముందు, ఏ మందూ పడకముందు. చార్ట్ 6 మీటర్ల దూరంలో ఉండాలి. గది చాలకపోతే అద్దం పెట్టి 3 మీటర్లలోనే ఆ దూరం తెప్పిస్తారు. ఎప్పుడూ ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ. రద్దీలో కేస్ షీట్ మీద కుడి ఎడమలు తారుమారు కాకుండా కాపాడేది ఈ అలవాటే. రెండో కన్ను మూసుకోమంటే చాలామంది వేళ్లతో మూస్తారు, సందుల్లోంచి చక్కగా చదివేస్తారు. లేదంటే గుడ్డు మీద గట్టిగా నొక్కేస్తారు, ఆ కన్ను తెరిచాక కాసేపు మసకగానే ఉంటుంది, మనం తక్కువ చూపు రాసుకుంటాం. అరచేతిని గిన్నెలా వంచి, నొక్కకుండా మూయమని చెప్పాలి. దూరపు అద్దాలుంటే పెట్టించే చూడాలి. కొందరు చదువుకునే అద్దాలు పెట్టుకొని కూర్చుంటారు, అడిగి తీయించాలి.

ఒక అక్షరం దగ్గర తడబడగానే ‘ఇక కనిపించట్లేదమ్మా’ అనేవాళ్లు ఎక్కువ. అక్కడ ఆపేయకూడదు. ‘ఫర్వాలేదు, ఏదనిపిస్తే అది చెప్పండి’ అంటే ఇంకో రెండు వరుసలు కిందికి దిగుతారు. చదువు రానివారికి ఇంగ్లిష్ ‘E’ అక్షరాన్ని పోలిన గీతల చార్ట్ ఉంటుంది, గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు.

చూపు 6/9 కన్నా తక్కువ వచ్చిందంటే, అంటే మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదివే వరుసను 6 మీటర్ల నుంచి కూడా చదవలేకపోతే, పిన్‌హోల్ పెట్టాలి. ఒక మిల్లీమీటరుకు కాస్త పైన ఉండే రంధ్రం అది. దాని గుండా చూసినప్పుడు చదువు మెరుగుపడితే లోపం చాలావరకు అద్దాలతో సరిపోయేది. మెరుగు లేకపోతే శుక్లమో, కంటి వెనక పొర రెటీనానో, కంటి నరమో చూడాలి. పిన్‌హోల్‌తో చూపు ఇంకా తగ్గితే కంటి వెనక మధ్యభాగం, అంటే మాక్యులా మీద అనుమానం పెరుగుతుంది. చార్ట్‌లోని పెద్ద అక్షరం కూడా అందకపోతే మనిషిని 3 మీటర్లకు తెచ్చి చదివించాలి. అదీ కుదరకపోతే ఎంత దూరంలో వేళ్లు లెక్కపెట్టగలరో, ఆ తర్వాత చేయి కదలిక, ఆఖరికి టార్చి వెలుతురు. వెలుతురు తెలుస్తోందన్న ఒక్క మాట చాలదు. పైనుంచి, కిందినుంచి, రెండు పక్కలనుంచి వేసి ఎటునుంచి వస్తోందో చెప్పించాలి. ‘చదవలేదు’ అని రాసి వదిలేస్తే డాక్టరుకు ఏమీ చెప్పనట్టే.

ఈ వరుసను పక్కన పెట్టాల్సిన కేసు, కంట్లో సున్నమో, ఆమ్లమో, బాత్‌రూమ్ కడిగే ద్రావకమో పడినది. పేరు, వయసు, చూపు, అన్నీ తర్వాత. ముందు కడగాలి. సున్నంలాంటి క్షారాలు కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగుతాయి. ఆమ్లం చాలాసార్లు పైపొర మాంసకృత్తుల్ని గడ్డకట్టించి అక్కడే ఆగుతుంది. అందుకే సున్నం కేసు పైకి తెల్లగా, ప్రశాంతంగా కనిపించినా నమ్మకూడదు. తెల్లగుడ్డు ఎరుపెక్కకుండా పాలిపోయిందంటే అక్కడి రక్తనాళాలు దెబ్బతిన్నాయన్న అర్థం కూడా ఉంటుంది.

మొద్దుబారే చుక్క వేసి, సెలైన్ బాటిల్‌కు డ్రిప్ సెట్ తగిలించి, సూది లేకుండా గొట్టం కొసను కంటికి కొద్ది ఎత్తున పట్టుకొని ధారగా వదలాలి. కనీసం అరగంట, ఒకటి రెండు లీటర్లు, అవసరమైతే అంతకన్నా ఎక్కువ. అన్ని వైపులకూ చూడమంటూ ఉండాలి. పై రెప్పను తిప్పి చూడటం మర్చిపోతే కడిగిందంతా వృథా, సున్నం పలుకు ఒక్కటి ఆ మడతలో నక్కి ఉంటే అది కరుగుతూనే ఉంటుంది. తడి చేసిన దూది పుల్లతో ఆ పలుకుల్ని తీసేయాలి. కడగడం ఆపిన వెంటనే, ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కాగితం పెడితే అది కన్నీటి సంగతి కాదు, సెలైన్ సంగతి చెబుతుంది. 5 నిమిషాలు ఆగి కింది రెప్ప మడతలో తాకించాలి. 7కూ 7.4కూ మధ్య ఉంటే సరే, లేకపోతే మళ్లీ మొదలు. ఆమ్లానికి విరుగుడుగా క్షారం, క్షారానికి ఆమ్లం పోయాలన్న ఆలోచనే వద్దు.

గుడ్డుకు తూటు పడిన గాయంలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కడగకూడదు, రెప్ప మీద ఒత్తకూడదు, చుక్క వేయకూడదు, దూది ప్యాడ్ కట్టకూడదు. గట్టి షీల్డ్ ఒకటి చుట్టూ ఎముక మీద ఆనేలా పెట్టి డాక్టరును పిలవాలి.

మామూలు వరుసలోకి వస్తే, చూపు తర్వాత కనుపాప. గదిలో లైటు తగ్గించి, మనిషిని దూరంగా ఉన్న గోడ వైపు చూడమనాలి. మన మొహం వైపు చూస్తే దగ్గరి చూపుకే కనుపాప చిన్నదైపోతుంది. టార్చిని ఒక కంటి మీద రెండు మూడు సెకన్లు ఉంచి, వెంటనే రెండో కంటికి జరపాలి, మళ్లీ వెనక్కి. రెండూ ఒకేలా ముడుచుకోవాలి. టార్చి వచ్చి పడగానే ముడుచుకోవాల్సిన కనుపాప నెమ్మదిగా విచ్చుకుంటే ఆ వైపు నరంలోనో రెటీనాలోనో పెద్ద లోపం ఉంది. శుక్లం ఎంత ముదిరినా అదొక్కటే ఈ తేడా తేలేదు. శుక్లం ఆపరేషన్‌కు వచ్చిన పెద్దాయన కంట్లో ఈ గుర్తు ఉందంటే, ఆపరేషన్ బాగా జరిగినా ఆశించినంత చూపు రాకపోవచ్చని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. చుక్క పడితే ఈ గుర్తు చెరిగిపోతుంది. పది సెకన్ల పని ఇది. రద్దీ పేరుతో దీన్ని దాటేయడాన్ని నేను ఏ రోజూ ఒప్పుకోను.

తర్వాత కంటి ‘ముందు గది’ లోతు, అంటే కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకూ దాని వెనక రంగు పొరకూ మధ్య ఉన్న ఖాళీ. టార్చిని కణత వైపు నుంచి, కనుపాప చుట్టూ ఉండే రంగు పొరకు సమాంతరంగా పట్టాలి. ముక్కువైపు సగం కూడా వెలిగితే లోతు బాగానే ఉంది. అక్కడ చంద్రవంకలా నీడ పడితే ముందు గది ఇరుకు. అలాంటి కంటికి డాక్టరును అడగకుండా చుక్క వేయకూడదు. విచ్చుకున్న పొర మూలకు మడతపడి కంటిలోని నీరు బయటికి పోయే దారిని మూసేస్తే ప్రెజర్ గంటల్లోనే విపరీతంగా పెరుగుతుంది. ఇది మన కళ్లముందే జరుగుతుందని లేదు. కనుపాప సగం విచ్చుకున్న దశలో, అంటే మందు పని తగ్గుతూ మనిషి ఇంటికి చేరాక జరగొచ్చు. కన్ను పోటెత్తడం, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు, చూపు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా సరే రావాలని చెప్పి పంపాలి. వాంతులంటే కడుపు అనుకొని వేరే చోటికి వెళ్లి సమయం పోగొట్టుకునేవాళ్లు ఉంటారు.

ప్రెజర్ కూడా డైలేషన్‌కు ముందే. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. గాలి ఊదే యంత్రంతో ఒకటికి మూడు రీడింగులు తీసి సగటు రాయాలి, ఊపిరి బిగబట్టినా, కాలర్ గొంతుకు బిగిసినా అంకె పెరుగుతుంది. రెప్పలు తెరిచి పట్టుకోవాల్సి వస్తే మన వేళ్లు ఎముక మీద ఆనాలి. గుడ్డు మీద ఆనితే మన వేళ్ల బలమే అంకెగా వస్తుంది. కార్నియాకు తాకించి ప్రెజర్ కొలిచే టోనోమీటర్ కొసను స్పిరిట్‌తో తుడిచేసి ఊరుకుంటే కళ్లకలక వైరస్ పోతుందన్న నమ్మకం లేదు. పలుచన చేసిన హైపోక్లోరైట్‌లో, అంటే బ్లీచ్ ద్రావణంలో, నానబెట్టి, నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరాకే తర్వాతివాళ్లకు వాడాలి. తడి మిగిలితే కార్నియా పైపొర కాలి, ఆ మనిషి రాత్రంతా కన్ను తెరవలేడు.

మొద్దుబారే ప్రొపరకైన్ 0.5 శాతం సీసా గురించి ఒక్క మాట. దాని చల్లదనం రుచి చూసినవాళ్లు ‘ఆ మందు రాసివ్వమ్మా, నొప్పి చిటికెలో పోయింది’ అని అడుగుతారు. ఎంత బతిమాలినా ఇవ్వకూడదు. నొప్పి తెలియని కార్నియా మానదు. రోజూ వేసుకుంటే పుండు పడి కరిగిపోతుంది. టేబుల్ మీద వదిలేసిన సీసా ఎవరి జేబులోకైనా వెళ్లొచ్చు, పని అయ్యాక లోపల పెట్టి తాళం వేయండి.

ఇక చుక్క. వేసే ముందు నాలుగు ప్రశ్నలు: ఇంతకుముందు ఏ చుక్కైనా ఒంటికి పడలేదా, తలకు ఈ మధ్య దెబ్బ తగిలిందా, గుండె జబ్బు, బీపీ ఉన్నాయా, బండి నడుపుకుంటూ వచ్చారా. తలకు దెబ్బ తగిలినవారి కనుపాపలు చూసే మెదడు పరిస్థితి అంచనా వేస్తారు, ఆ కిటికీని మనం మూయకూడదు. డైలేషన్ మందుల్లో ఒకటైన ఫినైలెఫ్రిన్ 10 శాతం బీపీని ఎగదోస్తుంది, గుండె మనుషులకు అది వద్దు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీయించాలి.

సీసా మీది పేరు పైకి చదవండి. డైలేషన్ మందులకు ఎర్ర మూత ఉండటం ఒక ఆనవాయితీయే గానీ అన్ని కంపెనీలూ పాటించవు, ఒక సీసా మూత ఇంకో సీసాకు పెట్టేయడమూ మామూలే. మూతను నమ్మి వేసిన చుక్కే ఎక్కువగా తప్పవుతుంది. తెరిచిన తేదీ సీసా మీద రాసి 28 రోజులకు పారేయాలి.

తల వెనక్కి వాల్పించి, ‘పైకి చూడండమ్మా’ అని, కింది రెప్పను వేలితో కిందికి లాగితే చిన్న సంచిలా మడత వస్తుంది. చుక్క అందులో పడాలి. నేరుగా నల్లగుడ్డు మీద పడితే ఉలిక్కిపడి రెప్ప మూసేస్తారు, మందు బుగ్గ మీదికి పోతుంది. సీసా కొస రెప్పకూ వెంట్రుకలకూ తగలకూడదు. తగిలిందా, ఆ సీసా ఇక అందరిదీ కాదు. ఒక చుక్క చాలు. ఒక చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు, కన్ను పట్టుకోగలిగేది 30 లోపే. రెండో చుక్క వెంటనే వేస్తే మొదటిదాన్ని తోసేస్తుందే తప్ప బలం పెంచదు. ఇంకో మందు వేయాలంటే 5 నిమిషాల ఎడం ఉండాలి, ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికన్నా చివర. వేశాక కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు ఒత్తించాలి. కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగిన మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. కంటి ప్రెజర్ తగ్గించే టిమోలాల్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఆస్తమా ఉన్నవాళ్లకు ఒక్క చుక్కతోనే ఊపిరి పట్టేయొచ్చు.

ఏ మందు, ఏ కన్ను, ఎన్ని గంటలకు, మూడూ రాసుకోవాలి. డైలేషన్ మందు ట్రోపికమైడ్ పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నల్లటి కళ్లకు, షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. విచ్చుకోవట్లేదని వరసగా పోస్తూ పోకుండా మూడోసారికి డాక్టరుకు చెప్పాలి. పాత వాపు వల్ల కనుపాప వెనక లెన్సుకు అతుక్కుపోయి ఉండొచ్చు, అదొక సమాచారమే. ఈలోగా ఇన్సులిన్ వేసుకొని ఏమీ తినకుండా వరసలో కూర్చున్నవాళ్లను వెతికి పట్టుకోవాలి. డైలేషన్ మసక అనుకున్నది షుగర్ పడిపోవడం కావచ్చు.

పిల్లలకు డైలేషన్ కోసం సైక్లోపెంటోలేట్ చుక్క గానీ, ఇంటి దగ్గర మూడు రోజులు పెట్టమని అట్రోపిన్ 1 శాతం ఆయింట్‌మెంట్ గానీ ఇస్తారు. బియ్యపు గింజంత చాలు. మొహం ఎర్రబడినా, ఒళ్లు వేడెక్కినా, నోరు ఎండినా, పిల్ల తిక్కగా మాట్లాడినా ఆపేసి తీసుకురావాలి. ఆ ట్యూబు పిల్లలకు అందని చోట ఉంచాలి. పెట్టిన చేతులు కడుక్కోకుండా సొంత కన్ను నలిపిన తల్లికి కూడా రెండు వారాల దాకా మసకగా ఉండొచ్చు.

ఆపరేషన్ రోజు ఉదయం ప్రోస్టేట్ మందు, టామ్‌సులోసిన్, వాడుతున్నారా అని అడగడం మర్చిపోకండి. ఎప్పుడో మానేసినా చెప్పమనండి, ఆ మందు వల్ల ఆపరేషన్‌లో కనుపాప వదులై ముడుచుకుపోతుంది. కన్నీటి సంచి సిరింజింగ్‌లో, అంటే కన్నీటి దారిలోకి సిరింజితో నీళ్లు పంపి చూసినప్పుడు, చీము వెనక్కి వస్తే ఆ రోజు ఆపరేషన్ లేనట్టే. పోవిడోన్ అయొడిన్ 5 శాతం కంట్లో వేసి గడియారం చూసి 3 నిమిషాలు ఉంచాలి. మొద్దుబారే జెల్ ముందు పూస్తే ఆ జిగురు అడ్డుపడి అయొడిన్ సూక్ష్మజీవుల దాకా చేరదు, కాబట్టి అయొడిన్ ముందు, జెల్ తర్వాత.

ఇంటికి పంపేటప్పుడు చుక్కలు ఎలా వేసుకోవాలో నోటితో చెప్పి వదలకండి. మామూలు కన్నీటి చుక్కల సీసా ఇచ్చి మన ముందే వేసుకోమనండి. సగం మందికి బుగ్గ మీదే పడుతుంది. చేయి వణికేవాళ్లను వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, ముక్కువైపు మూలలో చుక్క వేయండి. ఆ తర్వాత రెప్ప తెరవమనండి, మందు దానంతటదే కంట్లోకి జారుతుంది.